చివరగా డయల్ చేసిన నంబర్

ఉదయం ఏడు గంటల యాభై రెండు నిమిషాలు. పోచారం ప్రాజెక్టు కట్ట.

బాబూలాల్ రాతిగోడకు ఆనుకొని బీడీ వెలిగించాడు. ఎనిమిదింటికి ఒక మనిషి రావాలి. ఆ మనిషికి ఒక్క మాట చెప్పాలి. ఫోన్‌లో చెప్పకూడని మాట అది.

మెడలో పెద్ద కెమెరా వేసుకున్న టూరిస్టు ఒకడు నీళ్లలోని కొంగలను ఫోటోలు తీస్తూ మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"టైమెంత, భాయ్?"

బాబూలాల్ తల వంచి వాచీ చూసుకున్నాడు. కెమెరా లెన్స్ అతని గుండెకు ఎదురుగా ఆగింది. 'ఫట్' మని చిన్న చప్పుడు. సైలెన్సర్ బిగించిన కెమెరా పిస్టల్ అది. కొంగలు కూడా ఎగరలేదు.

టూరిస్టు తీరిగ్గా జేబులు వెతికాడు. చొక్కా జేబులో ఒక సిమ్ కార్డు దొరికింది. ఫోన్ మాత్రం ఎక్కడా లేదు. రెండోసారి వెతికి, ఒక బూతు తిట్టి, తుమ్మచెట్ల చాటున ఆపిన బండెక్కి వెళ్లిపోయాడు.

ఎనిమిది గంటలకు జీపు వచ్చి ఆగింది. అందులోంచి దిగినవాడు దేవీసింగ్. సెక్షన్ నైన్ గూఢచారి విభాగం, ఏజెంట్ ఫార్టీవన్. వయసు ముప్పై నాలుగు. భుజం మీద తువ్వాల, కాళ్లకు రబ్బరు చెప్పులు, చూసినవాళ్లకు మొక్కజొన్నలు కొనే మక్కల బేరగాడు. కానీ చొక్కా రెండో గుండీ కెమెరా, చేతి వాచీ ట్రాన్స్‌మిటర్, జేబులో పెన్ను కాదు, మత్తు సూది.

అన్నీ ఉన్నాయి. ఎనిమిది నిమిషాలు ముందు రావాలన్న బుద్ధి ఒక్కటే లేకపోయింది.

బాబూలాల్, దేవీసింగ్ నాగిరెడ్డిపేట దగ్గర ఒకే తాండాలో పుట్టారు. ఒకే హాస్టల్‌లో ఒకే ట్రంకుపెట్టె వాడుకున్నారు. గూఢచారికి కన్నీళ్లు రావని రాసే రచయితలు ఎవరో గాని, వాళ్లకు చిన్ననాటి దోస్తులు ఉండి ఉండరు. దేవీసింగ్ కట్ట మీద కూర్చొని వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకొని ఫోన్ తీశాడు.

"మక్కలు ఎండినయా?" అంది అవతలి గొంతు.

"ఇంకొక్క ఎండ గావాలె, సర్."

కోడ్ సరిపోయింది. లైన్ సెక్యూర్. అవతల ఉన్నది సెక్షన్ నైన్ చీఫ్ రామస్వామి. ఈ దేశంలో అతని ముఖం తెలిసినవాళ్లు పదిమంది. ఒకప్పుడు తాండా పిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా పనిచేసి, ఇద్దరు చురుకైన పిల్లలను ఏరి, తన జీతంలోంచి డిగ్రీ దాకా చదివించి, డిపార్ట్‌మెంట్‌లో పెట్టుకున్నవాడు. ఆ ఇద్దరిలో ఒకడు ఇప్పుడు కట్ట మీద పడి ఉన్నాడు.

"బాబూలాల్ పోయిండు, సర్."

"ఎవలు?"

"కనబడలే. ప్రొఫెషనల్ పని. నన్ను ఎనిమిదింటికి రమ్మన్నడని చెప్పిన గదా. నేను వచ్చేసరికే..."

"ఊకో కొడుకా. ఏడువకు. డ్యూటీ మీద ఉన్నవ్."

"అవ్ బాపూ," అన్నాడు దేవీసింగ్. డ్యూటీలో 'సర్' అనాలన్న రూల్ మొదటిసారి తప్పాడు.

బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగిసింది. శత్రువు కోడ్‌నేమ్ ఖర్జూర్. సముద్రం అవతల కూర్చున్న విదేశీ ముఠా. కామారెడ్డి చుట్టుపక్కల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కూలీల పాస్‌పోర్టు కాపీలు కొంటుంది. రాజంపేట మనిషి ఎడారిలో మేకలు కాస్తుంటే, అతని పేరుతో ఇంకెవడో మన ఎయిర్‌పోర్టులో దర్జాగా దిగుతాడు. అలా దిగబోతున్న నలభై మంది లిస్టు కామారెడ్డిలో ఒక మెమరీ కార్డులో ఉంది. ఆ కార్డు నజ్మా దగ్గర ఉంది.

నజ్మా అంటే కామారెడ్డి స్టేషన్ రోడ్డు ట్రావెల్స్ ఆఫీసులో కూర్చునే అందగత్తె. నల్ల కళ్లద్దాలు, హైహీల్స్, నడిచి పోతే వెనక పావుగంట నిలిచే సెంటు వాసన. షార్జాకు పోయిన తండ్రి సంపాదనతో చదువుకున్న కామారెడ్డి అమ్మాయే. ఖర్జూర్ ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. నిజానికి రెండేళ్లుగా సెక్షన్ నైన్ డబుల్ ఏజెంట్. ఆమెకు సందేశాలు మోసింది బాబూలాల్. ఆమె గొంతు వింటే గుండె దడ పెరిగేది దేవీసింగ్‌కు. ఈ రెండో సంగతి ఏ ఫైల్లోనూ లేదు.

"నజ్మా అమ్ముడువోయింది," అన్నాడు చీఫ్. "బాబూలాల్‌కు ప్రూఫ్ దొరికింది. గందుకే చంపిచ్చింది."

దేవీసింగ్ తువ్వాలతో బాబూలాల్ ముఖం కప్పాడు.

"ప్రూఫ్ ఆని ఫోన్ల ఉంటది. ఇంట్ల దొరుకుతది, తీస్కరా. ఆన్ చెయ్యకు. ఎవలికి చూపియ్యకు. సీల్ చేసి నా చేతికే ఇయ్యాలె. ఇగ నజ్మా సంగతి. మధ్యాహ్నం మూడింటికి కామారెడ్డి బస్టాండ్ ముంగట తెల్ల సుమో ఆగుతది. కార్డు పట్టుకొని ఎక్కుమని నువ్వే చెప్పు. నా మాట నమ్మది. నీ మాట నమ్ముతది."

"మీరు ఏడున్నరు, సర్?"

"ఢిల్లీ. హెడ్డాఫీస్ మీటింగ్."

లైన్ కట్ అయింది. దేవీసింగ్‌కు ముందు దుఃఖం వచ్చింది, తర్వాత కోపం వచ్చింది. బాబూలాల్‌ను ఆమె రాఖీ కట్టిన అన్న అని పిలిచేది. అన్న ప్రాణం ఇంత చవకా అనుకున్నాడు. పళ్లు కొరుక్కుంటూ నజ్మా నంబర్ నొక్కాడు.

"దేవీ? బాబూలాల్ భాయ్ నిన్ను కలిసిండా?" అంది నజ్మా ఎత్తీ ఎత్తగానే.

"లేదు. ఎందుకు?"

"నీకొక మాట చెప్పాలన్నడు. చెప్పిండా, లేదా?"

చంపించి, మళ్లీ ఆరా తీస్తోంది. మొన్నటిదాకా తేనెలా ఉన్న గొంతు దేవీసింగ్‌కు ఇప్పుడు చేదుగా వినబడింది. "కలువలే అన్న గదా. మూడింటికి బస్టాండ్ కాడ తెల్ల సుమో వస్తది. కార్డు తీస్కొని ఎక్కు."

"బండి సారు పంపిస్తుండా, నువ్వా?"

అబద్ధం చెప్పాడు. "నేనే."

"అచ్ఛా. నువ్వైతే సరే," అంది నజ్మా. ఆమె గొంతులోని నిశ్చింత అతని చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

*

తాండాలో బాబూలాల్ భార్య కేస్లికి ఆ వార్త చెప్పడం గురించి ఇక్కడ రాయడం లేదు. కొన్ని ఏడుపులు కథల్లోకి పట్టుకురాకూడదు. పంచనామా, పోస్టుమార్టం, మనుషులు పోగవడం, అన్నీ అయ్యేసరికి ఒంటిగంట దాటింది. అప్పుడు ఆమే లేచి, జొన్నల డబ్బాలో చెయ్యి పెట్టి ఫోన్ తీసి ఇచ్చింది.

"గిదే అన్నా. నిన్న రాత్రితోని కంపెనీ బందైతదని అందరు ఆఖరు ఫోన్లు చేస్కున్నరు. గీయన గుడ పొద్దుగూకంగ ఒకటి చేసిండు. హలో అని గుడ అనలే. చెవుల పెట్టుకొని విన్నడు, పెట్టేసిండు. గంతే, మల్ల అన్నం ముద్ద ముట్టలే."

"ఎవలికి చేసిండు?"

"చెప్పలే. పొద్దుగాల సిమ్ము ఊడదీసి జేబుల ఏసుకున్నడు, నంబరు వేరే కంపెనీకి మార్పిచ్చుకుంట అని. డబ్బా ఎందుకు మోసుడని ఈడనే పెట్టి పోయిండు."

2012లో ఈ ప్రాంతంలో ఇంటింటికీ ఉన్న ఫోన్ అది. మెరుపు మొబైల్ అనే కంపెనీ సగం ధరకు అమ్మింది. కిటుకు ఏమిటంటే అందులో మెరుపు సిమ్ తప్ప ఇంకోటి పనిచెయ్యదు. లాక్. జనం సరే అని కొన్నారు. నిన్న అర్ధరాత్రి కంపెనీ ఎత్తేసి పోయింది. నాలుగు మండలాల్లో వేలాది ఫోన్లు ఒక్కసారిగా పనికిరాని డబ్బాలయ్యాయి.

దేవీసింగ్ జీపులో కూర్చొని తన దగ్గరున్న వేరే కంపెనీ సిమ్ అందులో వేశాడు. 'అన్‌లాక్ కోడ్ ఎంటర్ చెయ్యండి' అని స్క్రీన్ అడిగింది. ఆన్ చెయ్యవద్దన్నది చీఫ్ ఆర్డర్. పన్నెండేళ్ల సర్వీసులో అతను దాటిన మొదటి ఆర్డర్ అది. కానీ మూడింటికి ఒక ఆడమనిషి తన మాట నమ్మి బండెక్కబోతోంది. ఆమె ద్రోహి అని కళ్లారా చూడాలి. లేదంటే జన్మంతా ఈ అనుమానం పీక్కు తింటుంది.

ఎల్లారెడ్డి వైపు జీపు తిప్పాడు.

*

ఎల్లారెడ్డిలో ఫోన్ లాక్ తియ్యాలంటే సఫూరా దగ్గరికే పోవాలి. భర్త దుబాయ్‌లో ఏసీ మెకానిక్. ఆమె బురఖా పైకి జరుపుకొని, ముక్కు మీద భూతద్దం పెట్టుకొని, చేతిలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుందంటే కామారెడ్డి మెకానిక్‌లు కూడా పక్కకు నిలబడాలి. ఫోన్లలో ఫోటోలు ఉంటాయి కాబట్టి ఆడవాళ్లంతా ఆమె దగ్గరికే వస్తారు.

రెండు గంటల ఐదు నిమిషాలకు దేవీసింగ్ షాపు చేరాడు. ముందు ముప్పై మంది లైన్. అందరి చేతుల్లోనూ అదే మెరుపు ఫోన్.

ట్రాన్స్‌మిటర్ వాచీ ఉంది. మత్తు సూది ఉంది. ఎల్లారెడ్డిలో లైన్ దాటడానికి ఆ రెండూ దేనికీ పనికిరావు.

"జర అర్జెంటు, అవ్వా. ముంగట పోనియ్యవా?" అని ముందున్న ముసలామెను అడిగాడు.

ఆమె పేరు మంగవ్వ. ఎగాదిగా చూసింది. "నీకొక్కనికేనా అర్జెంటు? నా మనుమడు బహరేన్‌ల ఉన్నడు. ఫోన్ కలువకపోతే అవ్వ సచ్చిందనుకొని టికెట్ కొనుక్కొని వస్తడు. నీ మక్కలు ఏడికి పోతయి బిడ్డా, లైన్ల నిలబడు."

లైన్‌లో నవ్వులు. రెండు ఇరవై. రెండు ఇరవై ఐదు. దేవీసింగ్ వేషాలు కట్టడంలో సెక్షన్‌లోనే మేటి. పోలీసు, పంతులు, ఫకీరు, ఏ వేషమైనా వేస్తాడు. ఆ రోజు అవేవీ చేతకాక, ఉన్న మాట చెప్పేశాడు.

"గిది నాది గాదవ్వా. మా దోస్తుది. పొద్దుగాల ఆయన్ని సంపిండ్రు. ఆఖరుకు ఎవలికి ఫోన్ చేసిండో చూడాలె."

నవ్వులు ఆగిపోయాయి. మంగవ్వ అతని చెయ్యి పట్టుకొని ముప్పై మందినీ తప్పిస్తూ తీసుకెళ్లి కౌంటర్ ముందు నిలబెట్టింది.

సఫూరా ఫోన్ తిప్పి చూసింది. "బాక్స్‌కు పెట్టి సాఫ్ట్‌వేర్ కొడితే అయిదు నిమిషాలు అన్నా. గాని లోపలి నంబర్లన్ని పోతయి."

"పోవద్దు. నంబర్లే గావాలె."

"గట్లైతే కోడ్ కొట్టాలె. అయిదు సార్లే మోక. అయిదు తప్పు పడితే ఇగ ఇటుకనే, దేనికి పనికిరాదు." స్క్రీన్ చూసి నాలుక కరుచుకుంది. "ఇంట్ల ఎవలో వేరే సిమ్ము ఏసి చూసినట్టున్నరు. మూడు అప్పుడే పాడు చేసిండ్రు. రెండే ఉన్నయి."

బ్యాటరీ తీసి, కింద స్టిక్కర్ మీదున్న పదిహేను అంకెల నంబర్ కంప్యూటర్‌లో కొట్టింది. దాన్ని బట్టి కోడ్ వస్తుంది. వచ్చింది. ఒక్కొక్క అంకె నొక్కింది.

'తప్పు కోడ్. ఇంకొక్క అవకాశం.'

రెండు నలభై మూడు.

"గిదెట్ల?" అంది సఫూరా. ఫోన్‌ను మళ్లీ అటూఇటూ తిప్పింది. ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది. "యా అల్లా. ఈ బాడీ నేనే మార్చిన అన్నా. పోయిన ఎండకాలం పగిలిందని తెస్తే వేరే సెట్టు బాడీ ఏసి ఇచ్చిన. స్టిక్కర్ గా సెట్టుది. లోపలి నంబర్ వేరే ఉంటది."

స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్. స్క్రీన్ మీద అసలు నంబర్ వచ్చింది. కంప్యూటర్ ఇంకో కోడ్ ఇచ్చింది. సఫూరా కళ్లు మూసుకొని బిస్మిల్లా అని, చివరి అంకె నొక్కింది.

లాక్ తెరుచుకుంది.

"ఇగ ముట్టకు అక్కా, నాకియ్యి," అన్నాడు దేవీసింగ్.

కానీ చేతులకు అలవాటు ఉంటుంది. రోజుకు యాభై ఫోన్లు తెరిచే చేతులవి. లాక్ తీయగానే తన టెస్టింగ్ సిమ్ వేస్తుంది, స్పీకర్ ఆన్ చేస్తుంది, పచ్చ బటన్ రెండుసార్లు నొక్కుతుంది. చివరగా డయల్ చేసిన నంబర్‌కు కాల్ వెళుతుంది. నెట్‌వర్కూ తెలుస్తుంది, స్పీకరూ తెలుస్తుంది. దేవీసింగ్ చెయ్యి చాచేలోపు ఆమె ఆ మూడు పనులూ చేసేసింది.

రింగ్ వెళ్లింది. దేవీసింగ్ నజ్మా గొంతు కోసం ఎదురు చూశాడు.

"ఎవరు?" అంది ఒక మగ గొంతు.

ఆ గొంతు వెనకాల మైకు మోగుతోంది: 'ప్రయాణికులకు విజ్ఞప్తి. కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్లు బస్సు నాలుగవ నంబర్ ప్లాట్‌ఫారంపై సిద్ధముగా ఉన్నది.'

"ఎవలు మాట్లాడేది? ఈ నంబర్ నీకు ఎవలిచ్చిండ్రు?"

దేవీసింగ్ కౌంటర్ పట్టుకున్నాడు. ఆ గొంతు అతనికి ఎక్కాలు నేర్పింది. జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చొని కథలు చెప్పింది. ఢిల్లీలో ఉన్నానని పొద్దున్నే చెప్పింది.

"టెస్టింగ్ సాబ్," అంది సఫూరా మామూలుగా. "సెట్టు రిపేర్‌కు వచ్చింది, నెట్‌వర్క్ చూస్తున్న. పెట్టెయ్యుండ్రి." ఆమే కట్ చేసింది. ఆమె గొంతులో అబద్ధం లేదు కాబట్టి అవతలివాడికి అనుమానం రాలేదు.

ఇప్పుడు అన్నీ వరసగా అర్థమయ్యాయి. ముఠాకు రహస్యాలు అమ్మేవాడి నంబర్‌ను నజ్మా సంపాదించింది. అది ఎవరిదో ఆమెకు తెలియదు, సెక్షన్‌లోని మనిషిదేనని మాత్రం తెలుసు. బాబూలాల్‌కు ఇచ్చింది. బాబూలాల్ డయల్ చేసి, ఒక్క మాట విని, పెట్టేశాడు. బాపు గొంతును వాడు గుర్తుపట్టకుండా ఉంటాడా? అందుకే అన్నం ముట్టలేదు. అందుకే పక్కింటివాళ్ల ఫోన్ నుంచి దేవీసింగ్‌కు చెప్పాడు: 'పొద్దుగాల ఎనిమిదికి కట్ట మీదికి రా. ఎవలికి చెప్పకు.'

దేవీసింగ్ ఎవరికీ చెప్పలేదు. బాపుకు మాత్రం రాత్రే ఫోన్‌లో చెప్పాడు. ఎవరికీ చెప్పకు అంటే బాపుకు కూడా అని అతనికి తట్టనే లేదు. కన్నతండ్రిలాంటి మనిషిని ఎవరైనా 'ఎవరో' కింద లెక్కేస్తారా? బాబూలాల్‌ను చంపిన చెయ్యి ఎవరిదైనా కావచ్చు, దారి చూపింది మాత్రం తన నోరే. పన్నెండేళ్లుగా ఒకణ్ణి నమ్మి, ఆ నమ్మకంతోనే తోడబుట్టినట్టున్న వాణ్ణి చంపుకున్నాడు. ఇప్పుడు మూడింటికి ఇంకో మనిషిని అదే చేతికి అప్పగించాడు.

రెండు యాభై ఆరు. కామారెడ్డి గంట దూరం.

తన ఫోన్ నుంచి ఏ కాల్ చేసినా మొదట చీఫ్ దగ్గర మోగుతుంది. అది సెక్షన్ ఏర్పాటు. కొత్త నంబర్ అయితే నజ్మా ఎత్తదు. మెసేజ్ పెడితే, బ్యాగులోంచి ఫోన్ తీసి చదివేలోపు సుమోలోని మనుషులు లాక్కుంటారు.

"ఏంది అన్నా, ముఖం గట్లైంది?" అంది సఫూరా.

"ఒక ఆడిమనిషి పానం అక్కా. పోవద్దని చెప్పాలె. ఫోన్ ఎత్తది."

"ఎత్తకుంటే ఏమాయె? ఏ ఊరామె?"

"కామారెడ్డి. తండ్రి షార్జాల ఉండె."

"గట్లైతే రింగ్ ఇయ్యి," అంది సఫూరా, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "ఒకటి కొట్టి కోస్తే మంచిగున్న అని. రెండు అంటే నువ్వు చెయ్యి అని. వెంటవెంటనే మూడు కొట్టి కోస్తే కీడు ఉంది, ఏడున్నోళ్లు ఆడనే ఆగుండ్రి అని. షార్జాకు పోయినోళ్ల ఇండ్లల్ల పిల్లలకు ఏ బీ సీ డీ కన్న ముందుగాల గిదే వస్తది."

"అవ్ బిడ్డా, మాకు గుడ గంతే," అంది వెనక నుంచి మంగవ్వ.

సెక్షన్ నైన్‌లో పదకొండు రకాల సైఫర్‌లు ఉన్నాయి. చీఫ్‌కు అన్నీ వచ్చు. ఇది మాత్రం రాదు. దేవీసింగ్ చచ్చిపోయిన దోస్తు ఫోన్ చేతిలోకి తీసుకొని నజ్మా నంబర్ నొక్కాడు.

*

రెండు యాభై ఎనిమిది. కామారెడ్డి బస్టాండ్.

తెల్ల సుమో వచ్చి ఆగింది. వెనక డోర్ తెరుచుకుంది. లోపల మెడలో కెమెరా వేసుకున్న ఒక టూరిస్టు నవ్వుతూ పక్కకు జరిగాడు. ముందు సీట్లో తెల్ల జుట్టు పెద్దమనిషి, పేపర్ అడ్డం పెట్టుకొని ఉన్నాడు. నజ్మా ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టింది.

బ్యాగులో ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. ఆమె పట్టించుకోలేదు. మళ్లీ ఒక్కసారి మోగి ఆగింది. ఆమె చెయ్యి డోర్ మీద నిలిచిపోయింది.

"ఎక్కండి మేడమ్," అన్నాడు టూరిస్టు.

మూడోసారి మోగి ఆగింది.

తన చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం ఇంట్లో ఫోన్ అలాగే మూడుసార్లు మోగింది. ఆ రోజు అమ్మ వంట ఆపి కుప్పకూలింది. ఆ లెక్క నజ్మా మరచిపోదు. కాలు వెనక్కి తీసింది. పరిగెత్తితే హైహీల్స్‌తో నాలుగు అడుగులు కూడా పోలేనని ఆమెకు తెలుసు. ఆమె పుట్టిన ఊరు కామారెడ్డి అని లోపలివాళ్లు మరచిపోయారు.

"గీడున్నడు చూడుండ్రి," అని గొంతెత్తింది. "వీసా ఇప్పిస్తనని మా అన్న పైసలు తిన్నోడు. ముంగట సీట్ల గూసున్నడు."

కామారెడ్డి బస్టాండ్‌లో 'బాంబు' అంటే జనం పారిపోతారేమో. 'వీసా పైసలు' అంటే మాత్రం ఉరికొస్తారు. ఎవరో ఒకడి చేతిలో మోసపోని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. రెండు నిమిషాల్లో వంద మంది సుమోను చుట్టుముట్టారు. ఎవరో తాళం గుంజారు. ఎవరో టైర్ ముందు బండరాయి పెట్టారు. పెద్దమనిషి చొక్కా చిరిగింది. "నేను ఆఫీసర్‌ను" అని అరిచాడు గాని ఐడీ కార్డు తియ్యలేకపోయాడు. తాను చెప్పిన మాట ప్రకారం ఆ ఆఫీసర్ ఢిల్లీలో ఉన్నాడు.

టూరిస్టు పారిపోబోయి దొరికిపోయాడు, మెడలోని కెమెరా జనం చేతికి వచ్చింది. పరుగున వచ్చిన కానిస్టేబుల్ సాక్ష్యంగా ఒక ఫోటో ఉంటే మంచిదని బటన్ నొక్కాడు. సుమో ముందు టైర్ పేలింది. ఆ తర్వాత ఎవరికీ ఏ అనుమానమూ మిగలలేదు.

*

దేవీసింగ్ పోలీస్ స్టేషన్ చేరేసరికి నాలుగు దాటింది. ల్యాండ్‌లైన్ నుంచి హెడ్డాఫీస్‌కు మాట్లాడాడు. అక్కడ ఆ రోజు మీటింగే లేదు. రామస్వామి నాలుగు రోజులుగా సెలవులో ఉన్నాడు.

లాకప్‌లో రామస్వామి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. దేవీసింగ్‌ను చూసి కొంచెం జరిగి చోటు ఇచ్చాడు, హాస్టల్‌లో తన మంచం మీద ఇచ్చినట్టే.

"ఎందుకు బాపూ?"

"రిటైర్మెంట్ దగ్గరికొచ్చింది కొడుకా. మస్తు ఇస్తమన్నరు. ఇంకేం చెప్పాలె." చొక్కా చిరుగును సర్దుకుంటూ అన్నాడు. "నిన్ను ఏం చెయ్యొద్దని ఆళ్లతోని ఒట్టు ఏయించుకున్న. నిన్ను చదివిచ్చిన చేతులు నావి."

"బాబూలాల్‌ను చదివిచ్చినయి గుడ గవే."

రామస్వామి తల దించుకున్నాడు. దేవీసింగ్ ఇంకో మాట ఆశించాడు. తప్పయిందనో, క్షమించమనో, ఏదో ఒకటి. రాలేదు. అతనికి కోపం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. ఇన్నేళ్లూ ఈ మనిషి మెప్పు కోసమా తాను బతికింది?

బయట వరండాలో నజ్మా నిలబడి ఉంది. ఒక చెప్పు హీల్ విరిగింది. మెమరీ కార్డు అప్పటికే ఎస్సై ముందు సీల్ చేసి పెట్టించింది. నలభై పేర్లు, నలభై కుటుంబాలు క్షేమం.

"బాబూలాల్ భాయ్ కట్ట మీదికి వస్తున్నడని వాళ్లకు ఎవలు చెప్పిండ్రు?" అంది.

"నేనే."

"నేను మూడింటికి ఈడ ఉంటనని?"

"నేనే."

"నన్ను అనుమానం చేసినవా దేవీ?"

అతను అవునని తల ఊపాడు. ఈ ఒక్కసారి మాత్రం అబద్ధం చెప్పలేకపోయాడు.

ఆమె ఏడవలేదు, అరవలేదు. విరిగిన చెప్పు, బాగున్న చెప్పు రెండూ విప్పి చేతిలో పట్టుకుంది. "మూడు రింగులు కొట్టింది నువ్వేనని తెలుసు. పానం నిలబెట్టినవ్, శుక్రియా. గాని ఆడదాక తెచ్చింది గుడ నువ్వే."

"ఇంటికాడ దించుత. జీపు ఉంది."

"వద్దు," అంది నజ్మా. మెట్లు దిగి, వట్టికాళ్లతో రోడ్డు దాటి, ఒక షేర్ ఆటో ఆపి, కూరగాయల గంపల మధ్య ఇరుక్కొని కూర్చుంది. ఆటో స్టేషన్ రోడ్డు మలుపు తిరిగేదాకా అతను చూస్తూ నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

ఇక మిగిలింది ఒక్కటే పని. ఆపరేషన్ ముగిసిన రోజే రిపోర్టు పంపాలన్నది సెక్షన్ నైన్ రూల్. దేవీసింగ్ స్టేషన్ రైటర్ దగ్గర రెండు తెల్లకాగితాలు అడిగి తీసుకొని, బెంచీ మీద కూర్చొని, తేదీ నుంచి మొదలుపెట్టి పొల్లు పోకుండా అంతా రాశాడు. మిషన్ విజయవంతం అని కూడా రాశాడు. చివర కింద ఒక గీత గీసి పెన్ను ఆపాడు.

ఆ గీత మీద పై అధికారి సంతకం కావాలి. పై అధికారి పది అడుగుల దూరంలోనే, కటకటాల వెనక ఖాళీగా కూర్చుని ఉన్నాడు.